గవ్వలతో కట్టిన అగ్గి లెక్క

నాలుగేళ్ల పాటు నల్లమల అడవిని గీసి, ఆ తర్వాత మొదటిసారి దాన్ని కళ్లతో చూసిన మనిషిని నేను. కొత్తగా అటవీశాఖ ఉద్యోగాల్లో చేరిన మీకు ఇది నవ్వులాటగా ఉండొచ్చు. ఇప్పుడు అడవిలో ఎక్కడ మంట లేచినా ఆకాశం నుంచి ఉపగ్రహం చూసి మీ ఫోనుల్లో ఎర్రచుక్క పెడుతుందట. మొన్న పింఛను కాగితం పని మీద నంద్యాల ఆఫీసుకు పోతే, మ్యాపులు చేసే అమ్మాయి ఆ చుక్కలు చూపించి, "మీ కాలంలో ఎట్లా తెలిసేది మేడమ్?" అని అడిగింది. "మనుషులు చూసి చెప్పేవాళ్లు" అని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఆ జవాబుకు నాకే సిగ్గేసింది. చూసేవాళ్లు చూశారు, చెప్పేవాళ్లు చెప్పారు. అడగాల్సిన వేళ అడగనిది మేమే. ఆ అమ్మాయికి చెప్పకుండా వచ్చేసిన సంగతి ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను ట్రేసరుగా చేరాను. ట్రేసరు పని అంటే, పాత మ్యాపు మీద గంజి పెట్టి మెరుగు పట్టించిన పలచటి గుడ్డ పరిచి, కింద కనబడే గీతలను నల్లసిరాతో పైన మళ్లీ గీయడం. ఆ గుడ్డకు నీళ్లంటే పడదు. ఒక్క చెమట చుక్క పడితే అక్కడ ఉబ్బిపోయి పనికిరాకుండా పోతుంది. నంద్యాల ఎండల్లో, కాగితాలు ఎగురుతాయని ఫ్యాను కూడా వేయకుండా, మణికట్టు కింద చేతిగుడ్డ పెట్టుకుని గీసేవాళ్లం. వాగులు, గుట్టలు, బండిబాటలు, ఫైరులైన్లు. ఫైరులైను అంటే, అగ్గి ఒక పక్కనుంచి ఇంకో పక్కకు దాటకుండా గడ్డి కొట్టేసి, ఆకులు ఊడ్చేసి, నేల బయటపెట్టి ఉంచే వెడల్పాటి బాట. మ్యాపులో మాత్రం అది రెండు తెగిన గీతలు, అంతే.

నా చెయ్యి బాగుంటుందని పేరు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రిటైరుమెంటుకు దగ్గర పడ్డ మనిషి, ఎప్పుడూ బుగ్గన వక్క ఉండేది. "గీతంటే ఈ పిల్లదేనప్పా" అని వచ్చినవాళ్లందరికీ నా షీట్లు చూపించేవాడు. ఆ గీతల వెనక ఏముందో నేను అడగలేదు, నాకెవరూ చెప్పలేదు. నాకు తెలిసిన అడవల్లా మహానందికి పోయే బస్సు కిటికీలోంచి కనబడేదే.

ఎనభైల మొదట్లో, ఓ ఫిబ్రవరిలో, మా ఆఫీసుకు ఒక పిల్ల వచ్చింది. ఆళ్లగడ్డలో నూనె, పప్పులు అమ్మే వ్యాపారస్తుల ఇంటి పిల్ల. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, దూరంగా ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరింది. గట్టిగా అల్లిన జడ, భుజాన గుడ్డసంచి, చేతిలో వాళ్ల ప్రొఫెసరు ఇచ్చిన ఉత్తరం. అడవిలో అగ్గి ఎక్కడ పుడుతుంది, ఎంత వేగంగా ఎటు పోతుంది, దాన్ని ముందే లెక్క కట్టి చెప్పగలమా అన్నది ఆమె విషయం. లోపల అధికారులు ఆ ఉత్తరం చదివి నవ్వుకుని, "మ్యాపులు చూసుకోనీ" అని మా గదికి పంపేశారు.

మొదటిరోజే నా బల్ల మీదికి వంగి ఒక గుట్ట మీద వేలు పెట్టింది.

"అక్కా, దీని వెనక పక్క గడ్డి ఎంత ఎత్తుంటాది?"

"నాకేం తెలుసు?"

"నువ్వే గదా గీసినావు."

హేళన కాదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. గీసినవాళ్లకు తెలిసుంటుందని అనుకుంది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ఆమెకు కుర్చీ కూడా చూపించలేదు. మరుసటి రోజు ఆమె తనకూ నాకూ కలిపి ఒకే టిఫిన్‌ డబ్బా తెచ్చింది. ఇక కోపం ఎంతసేపు నిలుస్తుంది?

ఆమెకు కావలసింది ఆళ్లగడ్డ వైపు అడవి మొత్తం చిన్న చిన్న గడులుగా విడగొట్టిన మ్యాపు. నేను గీసిచ్చాను. ఒక్కో గడిలో గడ్డి ఎంత దట్టమో ఒక అంకె వేసుకుంది. ఒక గడికి అగ్గి అంటుకుంటే పక్క గడికి పాకుతుందా లేదా అన్నది తేల్చడానికి ఆమెకు ఏదో ఒక పాచిక కావాలి. విశ్వవిద్యాలయంలో కంప్యూటరు ఉంది కానీ, అట్టముక్కలకు బెజ్జాలు కొట్టి లైనులో పెట్టి వారం రోజులు కాచుకోవాలట. అందుకని ఇంటి నుంచి బారాకట్ట ఆడే గవ్వలు నాలుగు తెచ్చింది. గడ్డి దట్టంగా ఉంటే రెండు గవ్వలు వెల్లకిలా పడినా చాలు, అగ్గి పాకినట్టే. పలచగా ఉంటే మూడు పడాలి. బండ మీదికి పాకదు. ఫైరులైను దాటదు. ఒకే అగ్గిని పదిసార్లు ఆడించి, ఎక్కువసార్లు ఎటు పోతే అటు పోతుందని లెక్క.

మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో కూర్చుని గవ్వలు వేస్తుంటే, పోయేవాళ్లు వచ్చేవాళ్లు "ఆఫీసులో బారాకట్ట ఆడుతాండారు సూడప్పా" అని నవ్వేవాళ్లు. ఆమె వేసేది, నేను ఎర్రపెన్సిలుతో గడులు నింపేది. ఒక్కోసారి అగ్గి రెండు గడుల్లోనే చచ్చిపోయేది. ఒక్కోసారి ఎదురులేకుండా కాగితం అంచుదాకా పోయేది. నా చేత్తో గీసిన అడవి కదలడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. పొద్దున లేస్తూనే ఆఫీసుకు పోవాలని తొందరపడిన రోజులు నా సర్వీసు మొత్తంలో అవే.

ఆ గడుల మ్యాపు గీసేటప్పుడే తప్పు జరిగింది. తూర్పు గుట్టల కింద ఒక లోయ ఉంది. దానికి దక్షిణాన వాగు నుంచి గుట్ట అడుగు దాకా ఒక ఫైరులైను పాత షీటులో ఉంది. ఏటా ఏ లైను కొట్టారో, ఏది వదిలేశారో కింది నుంచి మాకు ఒక జాబితా రావాలి. రెండేళ్లుగా రాలేదు. హెడ్‌ను అడిగితే, "వేసెయ్‌మ్మా, అది ఎప్పుడూ ఉండేదే" అన్నాడు. నేను వేసేశాను. ఎంత శుభ్రంగా వేశానంటే, ఆ రెండు తెగిన గీతల్లో ఏ ముక్కా ఇంకో ముక్క కంటే వెంట్రుకవాసి పొడుగు లేదు.

మార్చిలో నన్ను వారానికి ఒకరోజు దిద్దుబాట్ల పని మీద ఆళ్లగడ్డ రేంజి ఆఫీసుకు పంపడం మొదలుపెట్టారు. అది ఆ పిల్ల అడిగి సాధించిన ఏర్పాటు. మొదటిసారి వాళ్లింట్లో భోంచేశాను. కింద అంగడి, పైన ఇల్లు. గానుగనూనె వాసన మెట్ల దాకా ఎక్కివచ్చేది. వాళ్ల నాయన తూకం వేస్తూనే కూతురిని అడిగాడు: "అగ్గి సంగతి తెలుసుకోవాలంటే మీ అమ్మ పక్కన పొయ్యికాడ కూసోవచ్చు గదమ్మా? కొండకు యాలపోవాల?"

"పొయ్యిలో అగ్గి చెప్పినమాట వింటాది నాయనా. అది నాకొద్దు" అంది ఆ పిల్ల.

ఆయన నా వైపు తిరిగి, "ఈమెతో మాట్లాడి గెలిచినోళ్లు లేరమ్మా. నువ్వన్నా భద్రంగా తోడుండు" అన్నాడు. సరేనన్నాను.

ఆ రోజే నేను అడవి చూశాను. రేంజి జీపు కొండ కింద దింపితే, రాళ్ల దారిన గంటసేపు ఎక్కి, కాపలా టవరుకు చేరాం. మద్దిచెట్లన్నీ ఆకులు రాల్చి నిలబడి ఉన్నాయి. బోదగడ్డి నా నడుము దాకా ఉంది, పండిన రంగులో, గాలికి ఒకటే గలగల. నేను ఆకుపచ్చ అనుకుంటూ నల్లసిరాతో గీసిందంతా నిజానికి పసుపు రంగని అప్పుడు తెలిసింది.

టవరు మీద ఒక చెంచు పెద్దాయన కాపలా ఉండేవాడు. అరవై దాటి ఉంటాయి. ఆ ఏడే ఆయనకు చేతి వైర్లెస్ ఒకటి ఇచ్చారు. దాన్ని భుజానికి తగిలించుకుని, బటను నొక్కకముందే మాట్లాడేసి, మళ్లీ నొక్కి మళ్లీ మాట్లాడేవాడు. ఆ పిల్ల అడగాల్సినవన్నీ పుస్తకంలో రాసుకుని పోయింది. పొగ ఎంత దూరం నుంచి కనబడుతుంది, ఎంతసేపటికి కనబడుతుంది అని మొదలుపెట్టింది.

"పొగదాకా యాలమ్మా," అన్నాడాయన. "పొగకు ముందు పిట్టలొస్తాయి. గడ్డి కాలితే పురుగులు లేస్తాయి గదా, వాటికోసరం ఏట్రింతలు, పాలపిట్టలు ఒకే తావున తిరుగుతాంటాయి. ఆడ చూస్తే సాలు. పొగ ఎనకాల వస్తాది."

ఆ పిల్ల పుస్తకం మూసేసి ఆయన ముందు నేల మీద కూర్చుంది. గడుల కాగితం పరిచి, గవ్వలు వేసి చూపించింది. పెద్దాయన చాలాసేపు చూసి, కాగితాన్ని చేతుల్లోకి తీసుకుని ఏటవాలుగా ఎత్తి పట్టుకున్నాడు.

"అగ్గి నీ కాగితం మాదిరి సాపు నేల మీద పోదు పాపా. ఎగువకు ఉరుకుతాది. దిగువకు నడుస్తాది."

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఆమె నియమాలన్నీ మార్చేసింది. ఎగువ గడికి ఒక్క గవ్వ చాలు, దిగువకు మూడు పడాలి. మార్చి నెలలో రెండుసార్లు అగ్గి లేచింది. రెండుసార్లూ గవ్వలు చెప్పిన దారినే పోయింది. ఆ ఏడే బదిలీ మీద వచ్చి, అంతకుముందు ఆమెను చూసి మీసం చాటున నవ్వే రేంజరు, ఆ తర్వాత గడుల మ్యాపు కాపీ ఒకటి గోడకు తగిలించుకున్నాడు. ఆ మ్యాపు కింది మూలన నా పొట్టి సంతకం ఉంది. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయానో.

ఏప్రిల్‌లో బీడీ ఆకు కోతలు మొదలయ్యాయి. నేను ఆళ్లగడ్డ పోయిన ఒక రోజు, పొద్దున పది గంటలప్పుడు టవరు నుంచి పెద్దాయన గొంతు వచ్చింది. లోయ నడిమధ్య పిట్టలు తిరుగుతున్నాయన్నాడు. పావుగంటకు పొగ అన్నాడు. రేంజరు దగ్గర ఆ పూట ఉన్నది పదిహేను మంది. వాళ్లను ఉత్తరం కనుమ మీదికి పంపాలా, దక్షిణానికి పంపాలా అన్నది తేల్చాలి. రెండు పక్కలకూ చాలరు. దక్షిణాన, ఫైరులైను దాటిన తర్వాత, వాగు ఒడ్డున ఆకు కోసేవాళ్ల గుడిసెలు ఉన్నాయి. ముప్పై మంది దాకా, ఎక్కువగా ఆడవాళ్లే.

ఆ పిల్ల బల్ల మీద గవ్వలు వేసింది. పదిసార్లు ఆడించాం. పదిసార్లూ అగ్గి ఉత్తరానికి ఎక్కింది, దక్షిణాన లైను దగ్గర ఆగిపోయింది.

రేంజరు మీసం దువ్వుకుంటూ, "దక్షిణానికి నలుగురినన్నా పంపాల్నా వద్దా, చెప్పమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మ్యాపు మీద ఆ తెగిన గీతల వెంట వేలు జరిపింది. తల ఎత్తి నా వైపు చూసింది.

"అక్కా, ఈ లైను ఉండాది గదా?"

నేను ఆ లోయలోకి ఎప్పుడూ పోలేదు. ఆ లైనును కంటితో చూడలేదు. రెండేళ్లుగా జాబితా రాలేదని నాకు తెలుసు. అయినా రేంజరు చూస్తున్నాడు, గోడ మీద మ్యాపుకు నా సంతకం ఉంది, నా గీత తప్పని అంతవరకూ ఎవరూ అనలేదు.

"ఉండాది" అన్నాను.

పదిహేను మందీ ఉత్తరానికి పోయారు. గంట దాటినాక వైర్లెస్ గరగరమంది. "సారూ, దక్షిణం పక్క దాటుతాంది" అన్నాడు పెద్దాయన. రేంజరు బటను నొక్కి, "ఆడ లైను ఉంది గదయ్యా!" అని అరిచాడు.

"యాడ లైను సారూ? రెండేండ్లుగా ఎవురూ కొట్టల్యా. నాకాడికి గడ్డే కనపడతాంది."

ఆ తర్వాత ఒక్క మాట: "నేను దిగుతాండా." వైర్లెస్ ఆగిపోయింది.

మనుషుల్ని వెనక్కి తిప్పేసరికి చాలా ఆలస్యమైంది. రేంజరు జీపులో మమ్మల్ని కూడా ఎక్కించుకున్నాడు, దిగమనే తీరిక లేక. దారి పొడుగునా ఆ పిల్ల పెదాలు కదులుతూనే ఉన్నాయి. దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాను. దగ్గరగా వింటే గడులు లెక్కపెడుతోంది. ఇప్పుడు ఏ గడిలో ఉంటుంది, ఇప్పుడు ఏ గడిలో ఉంటుంది అని.

మేం చేరేటప్పటికి మంట గుడిసెలను దాటిపోయింది. నేలంతా నల్లగా, అక్కడక్కడ వెదురు కణుపులు ఇంకా టపటపమని పేలుతున్నాయి. ఆ నలుపు మధ్యలో ముప్పై మందీ ఒకరినొకరు పట్టుకుని గుంపుగా కూర్చుని ఉన్నారు. ముఖాలు మసి, కళ్లు మాత్రమే తెలుపు. లెక్కపెడితే అందరూ ఉన్నారు. పెద్దాయన బండల మీది అడ్డదారిన దిగి, అగ్గి కంటే ముందు వాళ్లను చేరి, గుడిసెల ముందున్న గడ్డికి తానే ఎదురగ్గి పెట్టాడట. అది కాలిపోయి నేల నల్లబడగానే, అంతా ఆ వేడి బూడిదలోకి రండని లాక్కుపోయి కూర్చోబెట్టాడు. అసలు మంట వచ్చేసరికి అక్కడ కాల్చడానికి ఏమీ మిగల్లేదు. రానని మొండికేసిన ఒక ముసలామెను వీపున మోసుకుని రెండోసారి ఆ బూడిదలో నడిచాడు. ఆయనకు చెప్పులు లేవు.

ఆయన్ను ఒక దుప్పటి మీద పడుకోబెట్టారు. పాదాల వైపు నేను ఒక్కసారే చూశాను. ఆ పిల్ల పక్కన కూర్చుని ఏడుస్తుంటే, "ఏడ్సాకు పాపా. ఎగువకే ఉరికింది, నువ్వు చెప్పినట్టే. దిగువకు కూడా వచ్చింది, అంతే" అన్నాడు.

రెండు రోజులకు పైఅధికారి వచ్చాడు. రేంజి ఆఫీసులో మమ్మల్ని నిలబెట్టి, గవ్వలేసి మనుషుల ప్రాణాలతో ఆడుకోమని ఎవరు చెప్పారని అడిగాడు. "అగ్గి లైను దాటదని నియమం పెట్టుకున్నది నేనే సార్. తప్పు నాది" అంది ఆ పిల్ల. నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నాకు నోరుంది. ఇంట్లో అమ్మ, నా ఒక్క ఉద్యోగం, నా గీతకున్న పేరు, ఇవన్నీ గుర్తొచ్చాయి. ఆ గదిలో ఉన్నంతసేపూ నేను ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమెకిచ్చిన అనుమతి రద్దు చేశారు. ఆమె గవ్వలు, పుస్తకాలు సంచిలో వేసుకుని బయటికి పోయింది.

నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. ఐదోరోజు పాత షీటు తీసుకుని హెడ్ దగ్గరికి పోయి, పైవాళ్లకు నిజం చెప్పేస్తానని అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన వక్క ఉమ్మేసి వచ్చి, కండువా సర్దుకున్నాడు.

"నువ్వొక్కదానివి పోయేదేందమ్మా? వెయ్యమనింది నేను గదా. పద, ఇద్దరమూ పోదాం."

ఇద్దరం రాసిచ్చాం. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. రిటైరయ్యే ఏడు, మచ్చలేని సర్వీసు మీద ఆ మచ్చ వేసుకుని ఆయన ఇంటికి పోయాడు. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల మళ్లీ రావచ్చని ఆఫీసు నుంచి ఉత్తరం పోయింది. ఆలోగా వాళ్ల ప్రొఫెసరు ఆమె విషయాన్ని మార్చేశాడు. అడవి లేదు, అగ్గి లేదు. ఏదో కాగితం మీద లెక్క.

నేను ఆమెకు ఎనిమిది పేజీల ఉత్తరం రాశాను. జవాబు ఒక ఇన్లాండు కవరులో వచ్చింది. "అక్కా, పెద్దాయన వైర్లెస్‌లో 'యాడ లైను సారూ' అన్నప్పుడే నాకు అర్థమైంది. నువ్వు బాధపడొద్దు. ఆ లైను ఉందా లేదా అని నేను గదిలో ఉన్న నిన్ను అడిగాను. దాన్ని కళ్లెదుట చూస్తున్న మనిషి అప్పుడు వైర్లెస్‌లోనే ఉన్నాడు. ఆయన్ను అడగాలని నాకు తోచలేదు. నా తప్పు అది." అంతే రాసింది. బాగున్నావా అని కూడా అడగలేదు. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అందులో కోపం కనబడితే బాగుండునని వెతికేదాన్ని. కోపమైతే ఎప్పటికన్నా తగ్గుతుంది గదా.

ఆ తర్వాత ప్రతి జనవరిలోనూ నేను అడిగి మరీ ఆళ్లగడ్డ పోయి, గార్డులతో కలిసి లైన్ల వెంట నడిచేదాన్ని. కొట్టిన లైను చూశాకే గీసేదాన్ని. కొట్టనిది ఎవరు చెప్పినా గీయలేదు. చీర కుచ్చిళ్లకు పల్లేరుకాయలు గుచ్చుకుని ఇంటికొస్తే, ట్రేసరుకు ఇదేం పిచ్చని అమ్మ గొణిగేది. పోయినప్పుడల్లా పెద్దాయన గూడెంలో దిగేదాన్ని. పాదాలు మానాయి కానీ ఆయన మళ్లీ టవరు ఎక్కలేకపోయాడు. గుడిసె ముందు కూర్చుని కొండ వైపు చూస్తుండేవాడు. ప్రతిసారీ ముందు అడిగేది ఒకటే: "ఆ పాప యాడుండాది?"

ఒకసారి, "ఆమెంటే నీకెందుకంత ఇది తాతా? ఆమె లెక్క వల్లే గదా నీ కాళ్లు పోయింది" అన్నాను, నా లోపలి ముల్లు ఆయన తీస్తాడేమోనని.

"అందరూ అగ్గిని ఆర్పనీకి వచ్చినోళ్లేమ్మా," అన్నాడు. "అది ఏందో తెలుసుకోనీకి వచ్చింది ఆ పాప ఒక్కతే."

ఎనభైల చివర్లో ఒక వానాకాలం ఆయన పోయాడు. నాకు తెలిసేసరికి పది రోజులైంది. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించింది. ఉత్తరంలో రాయబుద్ధి కాలేదు. ఆళ్లగడ్డలో వాళ్ల నాయన అంగడికి పోయి అడిగితే, కడపలో ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెబుతోందని చెప్పాడు. నాకు సెలవు దొరికి పోయేసరికి మళ్లీ ఎండాకాలం వచ్చింది.

స్టాఫు గది ముందు వరండాలో కలిశాం. కళ్లద్దాలు వచ్చాయి, కొంచెం ఒళ్లు వచ్చింది. నన్ను చూడగానే "అక్కా!" అని చేతులు పట్టుకుంది. పెద్దాయన సంగతి చెప్పాను. అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది. ఆ తర్వాత ఆమె భర్త ఉద్యోగం, కొడుకు బడి, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు, అన్నీ మాట్లాడుకున్నాం. అడవి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. "నువ్వు ఆ పని వదలకుండా ఉంటే ఎంత బాగుండేది" అనాలనిపించింది. ఆమె చేత ఆ పని మాన్పించిన మనిషికి ఆ మాట అనే హక్కెక్కడిది? గంట కొట్టారు. "క్లాసుంది అక్కా, మళ్లీ రా" అని ఆమె పుస్తకాలు ఎత్తుకుని పోయింది. వరండా చివరిదాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను చెయ్యి ఎత్తేలోగా గదిలోకి పోయింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. చాగలమర్రి దాటేసరికి పొద్దు గూకుతోంది. కుడిచేతి పక్క కొండల మీద ఎర్రటి గీత ఒకటి కనబడింది. సన్నగా, వంకరటింకరగా, నెమ్మదిగా కదులుతోంది. బస్సులో ఎవరో "కొండ కాలుతాంది" అన్నారు. "ఎవురో బీడీ పారేసింటారులే" అన్నారు ఇంకెవరో. మళ్లీ ఎవరి మాటల్లో వాళ్లు పడిపోయారు. నేను మాత్రం కళ్లు తిప్పుకోలేకపోయాను. ఏటవాలు ఎంత, గాలి ఎటు, ఎంతసేపట్లో కొండకొమ్ము ఎక్కుతుంది అని లెక్కేసుకుంటూ, నాకు తెలియకుండానే పక్కకు తిరిగి, "చూడు, ఎట్లా ఉరుకుతాందో" అన్నాను.

పక్క సీట్లో ఒక ముసలమ్మ, ఒళ్లో చింతపండు మూట. ఉలిక్కిపడి, "ఏందమ్మా?" అంది.

ఏమీ లేదనవచ్చు. కానీ చెప్పడం మొదలుపెట్టాను. ఎగువకు ఎందుకు ఉరుకుతుందో, దిగువకు ఎందుకు నడుస్తుందో, పొగ కంటే ముందు పిట్టలు ఎందుకు వస్తాయో, అంతా చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని, మూట మీద గడ్డం ఆనించి వింది. ఆళ్లగడ్డ దీపాలు కనబడుతుండగా మూట సర్దుకుంటూ అడిగింది:

"ఇవన్నీ నీకెవరు చెప్పినారమ్మా?"

"మా చెల్లెలు" అన్నాను.

"ఏం చేస్తాందమ్మా ఆ పిల్ల?"

"కడపలో లెక్కలు చెప్తాంది."

"అట్లనా," అంది ముసలమ్మ. "మంచి తెలివైన పిల్లే."

అవునన్నాను. నాకు తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరు.